ఆహారశుద్ధి: విద్యార్థి అడగవలసిన మూడు ప్రశ్నలు

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో ఒక తండ్రి తన కుమారునికి ఆహారాన్ని గురించి బోధించిన తీరు నేటి ఉపాధ్యాయులందరూ ఒకసారి మననం చేయదగినది. శ్వేతకేతువు 12 ఏళ్ళ ప్రాయంలో గురుకులానికి వెళ్ళి, 24 ఏళ్ళ ప్రాయంలో సర్వవేదాలూ అధ్యయనం చేసి, విద్యాగర్వంతో ఇల్లు చేరాడు. మనస్సు అన్నమయమని తండ్రి ఉద్దాలకుడు చెప్పిన మాట అతనికి బోధపడలేదు. తండ్రి వాదానికి దిగలేదు. 15 దినాలు భుజింపక, నీరు మాత్రం కావలసినంత త్రాగి, తరువాత తన వద్దకు రమ్మన్నాడు. వచ్చిన కుమారుణ్ణి ఋక్కులు, యజుస్సులు, సామాలు వల్లించమంటే అతనికి ఒక్కటీ స్ఫురించలేదు. భోజనం చేసి తిరిగి వచ్చిన తరువాత అడిగినవన్నీ అప్పగించాడు. 12 ఏళ్ళ చదువు అన్నం లేనప్పుడు ఏమైపోతుందో ఆ యువకునికి అప్పుడు తెలిసింది.

తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి కూడా ఇదే పద్ధతిని చూపుతుంది. వరుణుడు తన కుమారుడైన భృగువుకు సిద్ధాంతాన్ని సిద్ధంగా అందివ్వడు. తపస్సు చేసి తెలుసుకొమ్మని మళ్ళీ మళ్ళీ పంపుతాడు. భృగువు మొదట తెలుసుకొన్నది అన్నమే బ్రహ్మమని. అక్కడి నుండి ప్రాణం, మనస్సు, విజ్ఞానం దాటి ఆనందం వరకు వెళతాడు. ఆనందతత్త్వం తెలిసిన తరువాత ఉపనిషత్తు అక్కడితో ఆగిపోదు. మళ్ళీ అన్నం వద్దకే వస్తుంది. అన్నాన్ని నిందించరాదని, త్రోసివేయరాదని, సమృద్ధిగా పండించాలని, ఆశ్రయం కోరి వచ్చినవానిని కాదనరాదని వ్రతాలు విధిస్తుంది. అత్యున్నతమైన జ్ఞానం పొందినవానికి కూడా వంటయింటి ధర్మం, పొలం ధర్మం తప్పవని దీని తాత్పర్యం.

ఇటువంటి సంప్రదాయం గల దేశంలో నేటి విద్యార్థి ఆహారాన్ని గురించి నేర్చుకొంటున్నదేమిటి? మాంసకృత్తులు, పిండిపదార్థాలు, క్రొవ్వులు, విటమినులు అనే పట్టిక. ఆ పట్టిక అవసరమే. కానీ పళ్ళెంలోని అన్నం ఏ నేల నుండి వచ్చింది, ఎవరి శ్రమతో వచ్చింది, దారిలో దానికి ఏమి అంటుకొన్నది అన్న విషయాలు ఆ పట్టికలో లేవు. సుస్థిర ఆహారం, ఆహారవ్యవస్థ అని నేడు ప్రపంచమంతా చెప్పుకొంటున్న విద్య ఈ ప్రశ్నలకు సంబంధించినదే. దానికి కావలసిన పరిభాష ఈ నేలకు క్రొత్తది కాదు.

ఆహారం శుద్ధమైతే అంతఃకరణం శుద్ధమవుతుందని ఛాందోగ్యం ఏడవ అధ్యాయం చివర చెబుతుంది. ఆహారమంటే ఇంద్రియాలు గ్రహించే శబ్దస్పర్శరూపాదులని శంకరభగవత్పాదులు వ్యాఖ్యానించారు. రామానుజాచార్యులు శ్రీభాష్యారంభంలో ఏడు సాధనాలను ఉదాహరిస్తారు. వాటిలో మొదటిది వివేకం. లోకంలో వివేకమంటే తెలివి. అక్కడ మాత్రం దుష్టం కాని అన్నంతో దేహాన్ని శుద్ధంగా ఉంచుకోవడమే వివేకం. అన్నానికి దోషం మూడు విధాలుగా కలుగుతుంది: జాతిదోషం, ఆశ్రయదోషం, నిమిత్తదోషం. వస్తువు స్వభావం వలన వచ్చేది మొదటిది. అది ఎవరి వద్ద నుండి, ఏ ఆశ్రయం నుండి వచ్చిందో దానివలన కలిగేది రెండవది. మధ్యలో ఏదో పడి, తగిలి చెడటం మూడవది. ఇది ఏమి? ఎక్కడి నుండి? దీనిలో ఏమి కలిసింది? ఈ మూడు ప్రశ్నలూ అడగడం నేర్చిన బాలుడు ఆహారవ్యవస్థ అనే శాస్త్రంలో సగం నేర్చినట్లే. నేటి పాఠశాల మొదటి ప్రశ్న వద్ద ఆగిపోతున్నది. మిగిలిన రెండింటిని తిరిగి పాఠంలోకి తీసుకొనిరావడమే ప్రస్తుత కర్తవ్యం.

మొదటి ప్రశ్న అయినా సక్రమంగా బోధింపబడుతున్నదా అంటే అదీ సందేహమే. ఉత్తరాంధ్రలో రాగులను చోళ్ళు అంటారు. చోడి అంబలి త్రాగి పొలానికి వెళ్ళిన తరం ఇంకా సజీవంగానే ఉన్నది. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే తూకం గల పాలిష్ బియ్యంలో అది 10 మిల్లీగ్రాముల ప్రాంతంలోనే ఉంటుంది. అయినా చోడి పేదవాని తిండి అనీ, తెల్లని అన్నం గౌరవమనీ సమాజం నిర్ణయించుకొన్నది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం ఎందరో నిరుపేదల ఆకలిని తీర్చింది. ఆ పుణ్యాన్ని ఎవరూ కాదనలేరు. అదే కాలంలో చోళ్ళు, గంటెలు, సామలు, కొర్రలు పళ్ళెంలో వెనుకకు జరిగాయన్నదీ సత్యమే. నిండా నీరు నిలిచిన వరిమళ్ళ నుండి మీథేన్ వాయువు వెలువడి భూతాపాన్ని పెంచుతుంది. చిరుధాన్యాలు వర్షాధారపు మెట్టలో, తక్కువ నీటితో పండుతాయి. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరంగా ప్రకటించింది. అదే సంవత్సరం మార్చి నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో రాగిజావ ఇవ్వడం మొదలైంది. జావ గ్లాసులోకి వచ్చింది. అది ఎందుకు వచ్చిందో, తమ ముత్తాతల పొలంలోనే అది ఎలా పండేదో చెప్పే పాఠం ఆ గ్లాసు వెంట రావాలి. లేకపోతే పిల్లవాడు దానిని ప్రభుత్వం పోసే మరొక మందుగానే త్రాగుతాడు.

రెండవ ప్రశ్న, ఆశ్రయం. ఈ పదాన్ని విన్నంతనే కొందరికి సంకోచం కలుగుతుంది. ఆ సంకోచం న్యాయమైనదే. కాలక్రమంలో ఈ విచారణ వండినవారి జన్మకు అంటగట్టబడింది. పాత వ్యాఖ్యలలో కూడా ఆ ఛాయ ఉన్నది. దానిని దాచిపెట్టి ప్రయోజనం లేదు. బడులలో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. వంటవారి నియామకంలో దళితులకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్ 20న మళ్ళీ చెప్పవలసి వచ్చింది. వారు వండిన అన్నాన్ని తినవద్దని పిల్లలకు చెప్పిన పెద్దలు దేశంలో అక్కడక్కడ ఉన్నారు. అటువంటివారు శాస్త్రాన్ని సాక్షిగా తెచ్చుకోదలిస్తే ముందుగా ఉషస్తి చాక్రాయణుని వృత్తాంతం చదవాలి. కురుదేశంలో పైరు నాశనమై కరవు వచ్చినప్పుడు ఆ విద్వాంసుడు ఏనుగుల కాపరి తింటున్న ఉడికిన కుల్మాషాలను, అతని ఎంగిలినే, అడిగి తిన్నాడు. త్రాగి మిగిలిన నీరు ఇవ్వబోతే మాత్రం వద్దన్నాడు. అన్నం లేకపోతే ప్రాణం నిలవదు, నీరు వేరే దొరుకుతుంది అన్నది అతని తర్కం. మరునాడు అతడే యజ్ఞశాలకు వెళ్ళి ఋత్విక్కులకు ప్రశ్నలు వేశాడు. అతని పాండిత్యానికి గాని, శుద్ధికి గాని లోపం వచ్చిందని ఉపనిషత్తు చెప్పలేదు.

కనుక ఆశ్రయవిచారణను జన్మ నుండి విడదీసి కర్మ వద్ద నిలపాలి. ఈ అన్నం వెనుక ఎవరికైనా అన్యాయం జరిగిందా? భూమికి గాయమైందా? కౌలు రైతుకు గిట్టుబాటు దక్కిందా? కలుపు తీసిన స్త్రీకి కూలి సకాలంలో అందిందా? ఈ ప్రశ్నలకు సమాధానం లేని అన్నమే ఆశ్రయదోషం గల అన్నం. కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళ చూడక, వచ్చినవాడెవరని అడగక అన్నం పెట్టారు. ఆంధ్రప్రదేశ్ మధ్యాహ్న భోజన పథకం 2024 నుండి ఆమె పేరుతోనే నడుస్తున్నది. ఆ పేరు బడిగోడ మీద ఉంటే చాలదు. పంక్తిభేదం ఎందుకు పాపమో ఆ గోడక్రింద కూర్చొని తినే పిల్లలకు తెలియాలి.

మూడవ ప్రశ్నకు ఉదాహరణ వెదుక్కొంటూ దూరం వెళ్ళనవసరం లేదు. అనకాపల్లి పేరు చెప్పగానే తెలుగువారికి స్ఫురించేది బెల్లం. 1913 నుండి చెరకుపై పరిశోధన జరుగుతున్న కేంద్రం ఆ పట్టణంలో ఉన్నది. పెనంలో చెరకురసం మరుగుతూ ఉంటే పైకి తేలే మడ్డిని తీయడానికి పూర్వం బెండ మొక్కల జిగురు, కొద్దిగా సున్నం వాడేవారు. అలా వండిన బెల్లం సహజంగా కొంత ముదురు రంగులో ఉంటుంది. బజారులో మాత్రం పసుపుపచ్చని దిమ్మకే ధర ఎక్కువ. ఆ రంగు కోసం కొందరు వండేటప్పుడు హైడ్రోస్ అనే రసాయనాన్ని కలుపుతారు. తప్పు గానుగ వద్ద ఉన్నవానిదే అనడం సులభం. కానీ నల్లని దిమ్మ తెచ్చినవానికి తక్కువ ధర చెప్పింది ఎవరు? కొనేవాని కన్ను. ఇక్కడ శంకరుల వ్యాఖ్య, రామానుజుల వ్యాఖ్య రెండూ కలుస్తాయి. కన్ను గ్రహించిన రూపం ఒక ఆహారం. ఆ ఆహారంలో రాగం చేరినందువలన నోటికి అందే ఆహారంలో నిమిత్తదోషం చేరింది. పూర్వం నిమిత్తదోషమంటే అన్నంలో పడిన వెంట్రుక, ధూళి. అది కంటికి కనిపించేది. నేటి దోషం కంటికి ఇంపుగా కనిపిస్తుంది. పురుగుమందు అవశేషం, నిల్వకోసం కలిపిన రసాయనం, వేడి అన్నం క్రింది ప్లాస్టిక్ పొర కనిపించనే కనిపించవు. రంగురంగుల పొట్లాన్ని తెరమీద చూసి అడిగే పిల్లవానికి, తన కన్ను ముందుగా తినివేసిన తరువాతే నోరు తింటున్నదని తెలియజెప్పడం శుద్ధమైన వేదాంతపాఠం.

ఇక్కడ రెండు పూర్వపక్షాలను పరిశీలించాలి.

మొదటిది: ఆకలితో బడికి వచ్చే పిల్లలకు నియమాలు బోధించడం క్రూరత్వం కాదా? కడుపు నిండినవారు చెప్పుకొనే కబుర్లు కావా ఇవి? ఈ ఆక్షేపణలో బలం ఉన్నది. ఉద్దాలకుడు ఉపవాసపరీక్ష పెట్టింది పుష్టిగల 24 ఏళ్ళ యువకునికి, పిల్లవానికి కాదు. అర్ధాకలితో ఉన్న బాలునికి ఉపవాసమహిమ చెప్పడం అధర్మమే. ఆ బాలుని పళ్ళెంలోని పదార్థాన్ని చిన్నబుచ్చడం కూడా అధర్మమే. బడిభోజనంలో కోడిగుడ్డు ఇస్తున్నారు. దేవాలయంలో దానికి స్థానం లేదు, ఉండదు; అది ఆలయనియమం. కానీ ఆ నియమాన్ని పేదపిల్లవాని పళ్ళెం వరకు చాచి, అతడు తినే దానిని ఈసడించడం భృగువల్లి చెప్పిన మొదటి వ్రతానికే భంగం. శాకాహారం పాటించే కుటుంబాలు తమ నిష్ఠను తమ ఆచరణతో చూపాలి, పరనిందతో కాదు. పైగా శాకాహారమైనంత మాత్రాన అన్నీ సుస్థిరమైపోవు. పాలిష్ పట్టిన బియ్యం, చక్కెర, నూనెలతో నిండిన విందు శాకమే అయినా దేహానికీ నేలకూ భారమే. నియమబోధ పెట్టవలసింది ముందుగా కలిగినవారి పిల్లలకు. ప్రపంచంలో 2022 సంవత్సరంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని, అందులో అధికభాగం ఇళ్ళలోనే జరిగిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024 నివేదిక చెప్పింది. ఆ పారవేత ఆకలిగొన్న ఇంటిలో జరిగేది కాదు.

రెండవ పూర్వపక్షం: ఇంత చెప్పే సంప్రదాయం తన ఇంటిని చక్కదిద్దుకొన్నదా? ఉత్సవం జరిగిన మరునాడు ఆలయప్రాంగణాలలో ప్లాస్టిక్ పూత గల పళ్ళాలు, సగం తిని విడిచిన ప్రసాదం కనిపించడం లేదా? కనిపిస్తున్నవి. అన్నసంతర్పణలో ఎంతమందికి పెట్టామన్న లెక్క ఉంటున్నది. ఎంత పారవేశామన్న లెక్క అరుదు. దేవునికి నివేదించే అన్నానికి జాతిశుద్ధి, వంటశాలలో మడి చూస్తారు. ఆ బియ్యం పండిన మడి సంగతి విచారించరు. ఈ లోపాన్ని అంగీకరించకుండా యువకులకు బోధించబోతే వారు నవ్వుతారు.

అయితే మార్పుకు ఆరంభం జరిగింది. 2021లో తిరుమలలో శ్రీవారి నైవేద్యానికి గో ఆధారిత సేద్యపు ధాన్యాన్ని వాడటం మొదలుపెట్టారు. రైతు సాధికార సంస్థ ద్వారా 2016లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం 2024లో గుల్బెంకియన్ మానవతా పురస్కారాన్ని మరి ఇద్దరితో కలిసి అందుకొన్నది. జీవామృతం, వర్షాలకు ముందే చల్లే నవధాన్యాలు, ఏడాది పొడుగునా నేలను పచ్చగా కప్పి ఉంచడం దాని పద్ధతులు. ఆవు, నేల, వాన, రైతు అన్నవి ఒకే యజ్ఞచక్రంలో భాగాలని భగవద్గీత మూడవ అధ్యాయం చెప్పే భావానికి ఇది ఆచరణరూపం. దేవాలయాలు ఈ రైతులకు నమ్మకమైన కొనుగోలుదార్లు అయితే నైవేద్యం ఆశ్రయశుద్ధిని పొందుతుంది. రైతుకు ధర దక్కుతుంది. సంతకు వచ్చిన నల్లబెల్లం దిమ్మను ముందుగా ఆలయమే మంచి ధరకు కొంటే పచ్చదిమ్మ మోజు కొంతైనా తగ్గుతుంది.

ఈ బోధ ఉపమాక వంటి చోట ఎందుకు త్వరితంగా జరగాలో కూడా ఆలోచించాలి. గరుడాద్రిపై వేంకటేశ్వరస్వామి వెలసిన ఈ గ్రామం అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలో ఉన్నది. కొబ్బరి, జీడిమామిడి, వరి ఈ ప్రాంతపు నేలకు పరిచితమైన పంటలు. ఇదే మండలంలో బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న ప్రధానమంత్రి విశాఖపట్నం నుండి శంకుస్థాపన చేశారు. భారీ ఉక్కు కర్మాగారం కూడా ఈ మండలానికే రానున్నది. వాటివలన యువకులకు ఉద్యోగాలు రావచ్చు. ఔషధం కూడా లోకానికి కావలసినదే. భూమి ఇచ్చిన రైతులు, సముద్రం మీద బ్రతికే మత్స్యకారులు తమ భయాలను ప్రభుత్వం ముందు చెప్పుకొంటూనే ఉన్నారు. ఆ వివాదంలో న్యాయనిర్ణయం ఇక్కడి విషయం కాదు. విషయం ఇది: ఇక్కడ బడిలో ఉన్న పిల్లలు పెద్దవారయ్యేనాటికి వారి చుట్టూ చూపించడానికి పొలం ఎంత మిగులుతుంది? తాత చేతిలో పలుపు చూసిన చివరి తరం ఇదే కావచ్చు. నాట్లు, నూర్పిళ్ళు కళ్ళారా చూడని వానికి ఆశ్రయమంటే దుకాణం. నిమిత్తమంటే పొట్లం మీది గడువు తేదీ. అప్పుడు అన్నవ్రతం అనే మాట శబ్దంగానే మిగిలిపోతుంది. కర్మాగారంలో పనిచేసే రసాయనశాస్త్రజ్ఞుడు తన ప్రాంతపు నీటిబొట్టును గురించి పట్టింపు గలవాడు కావాలంటే, ఆ పట్టింపు అతని 12వ ఏటనే నాటుకోవాలి.

చేయవలసినవి గొప్ప వ్యయం గలవి కావు. ఒక తరగతి విద్యార్థులు ఒక బెల్లం దిమ్మను తీసుకొని వెనుకకు ప్రయాణించవచ్చు: దుకాణం, సంత, గానుగ, చెరకుతోట. ప్రతి మెట్టులో ఎవరికి ఎంత దక్కిందో, ఏమి కలిసిందో వ్రాసుకొంటే అదే వారి భృగువల్లి. బడిభోజనం తరువాత ఒక వారం పాటు మిగిలిన అన్నాన్ని తూచి, అది ఎందుకు మిగిలిందో వారే విచారించాలి; రుచి లేక మిగిలితే ఆ మాట పెద్దలు వినాలి, పిల్లలను దండించరాదు. బడి ఆవరణలో ఒక మడి చోళ్ళు చల్లి, కోసి, దంచి, అంబలి కాచుకొని త్రాగితే ఆ పంటపై చిన్నచూపు దానంతట పోతుంది. 18 ఏళ్ళు నిండి ఆరోగ్యంగా ఉన్నవారు ఏకాదశి ఉపవాసాన్ని ఒక పుణ్యగణనగా కాక, ఉద్దాలకుని పరీక్షగా ఒకసారి చేసి చూడవచ్చు. ఆలయంలో జరిగే అన్నసంతర్పణకు విద్యార్థులనే పరిశీలకులుగా పిలిచి, విస్తళ్ళు ఏ ఆకువి, వ్యర్థం ఎంత, కూరగాయలు ఎక్కడివి అని లెక్క తీయమనవచ్చు.

ఇలా పెరిగిన బాలుడు ఒకనాడు గుడికి వచ్చి, చేతిలో పెట్టిన ప్రసాదాన్ని కళ్ళకు అద్దుకొని, ఈ బెల్లం ఎక్కడిది అని అడుగుతాడు. దానిని అవిధేయత అనుకోరాదు. రామానుజులు చెప్పిన వివేకానికి అది మొదటి లక్షణం. ఆ ప్రశ్నకు ఆలయం వద్ద నిజమైన సమాధానం సిద్ధంగా ఉండాలి.